వీపు మీద ఇల్లు... థమేల్‌లో బేరం

కాఠ్‌మాండూ వెళ్లిన యాత్రికుడు పశుపతినాథుణ్ని దర్శించుకున్నాడో లేదో చెప్పలేం గానీ, థమేల్ వీధుల్లో ఒక్క సంచీనైనా వీపుకి తగిలించుకుని అద్దంలో చూసుకునే ఉంటాడు! ఆ పేట తీరే అంత. ఇద్దరు ఎదురైతే పక్కకి ఒదిగి దారివ్వాల్సిన సందులు. తలెత్తితే రంగురంగుల ప్రార్థనా పతాకాలు. దుకాణాల ముందు పష్మినా శాలువాలు, కుక్రీలు, ఇత్తడి గిన్నెలు. వాటి మధ్య, గుమ్మం నుంచి పైకప్పు దాకా గుత్తులు గుత్తులుగా వేలాడే వీపుసంచులు. ఎరుపు, నీలం, పసుపు, బూడిదరంగు... 30 లీటర్లది మొదలు 80 లీటర్ల దాకా.

హిమాలయాల్లో నడవడానికి వచ్చేవారికి ఇది ఆఖరి బజారు. ఇక్కడ కొనకుండా కొండెక్కితే పైన ఏం దొరికినా రేటు ఎక్కువే. అందుకే అక్టోబరు వచ్చిందంటే చాలు, థమేల్‌లో ప్రపంచంలోని అన్ని భాషల్లోనూ బేరాలు వినిపిస్తాయి. కిందటి అక్టోబరులో ఆ భాషల్లోకి తెలుగు కూడా చేరింది. దానికి కారణం మా మేనకోడలు.

ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి నేపాల్, సిక్కిం, ఈశాన్య రాష్ట్రాలు తిరిగొస్తానంది. కంప్యూటరు ముందు గంటల తరబడి కూర్చుని ఇరవై ఏడేళ్లకే నడుంనొప్పి తెచ్చుకున్న పిల్ల. డాక్టరు నడవమన్నాడు, బరువు మాత్రం జాగ్రత్త అన్నాడు. ‘ఆర్నెల్లు ఆ మూట మోసి నడుం పడిపోతే ఎవరు చూస్తార్రా?’ అని మా అక్క బెంగ. మొదటి పదిహేను రోజులు తోడు వెళ్లే పని నాకు పడింది. ఆ ఆర్నెల్ల ప్రయాణం సాగుతుందా, సగంలో ఆగిపోతుందా అన్నది ఒక్క సంచీ మీద ఆధారపడి ఉంది మరి!

జోఛెన్ నుంచి థమేల్‌కి

వీపుసంచీ యాత్రికులకి కాఠ్‌మాండూ కొత్త కాదు. 1960ల చివర్లో, 70ల మొదట్లో ఐరోపా నుంచి ఇస్తాంబుల్, కాబూల్, లాహోర్, ఢిల్లీల మీదుగా బస్సుల్లోనూ వ్యాన్లలోనూ వచ్చిన హిప్పీలకి ఇదే ఆఖరి మజిలీ. అప్పట్లో వాళ్లంతా పాత రాజప్రాసాదం పక్కనున్న జోఛెన్‌లో దిగేవాళ్లు. ఆ వీధికి ‘ఫ్రీక్ స్ట్రీట్’ అనే పేరు అలా వచ్చిందే. 1973లో నేపాల్ గంజాయి మీద నిషేధం పెట్టింది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సేనలు... దాంతో ఆ భూమార్గం మూసుకుపోయింది. విమానాల్లో వచ్చి కొండలెక్కే కొత్త తరానికి థమేల్ విడిదిల్లయింది. 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత కొన్నాళ్లు ఈ వీధులు బోసిపోయాయి. 2017లో పేటలో చాలాచోట్ల వాహనాల్ని ఆపేశారు.

పేరు గొప్ప... కుట్టు దిబ్బ

మొదటి దుకాణంలో అడుగుపెట్టగానే ‘రండి దాజూ, రండి బహినీ’ అంటూ కుర్రాడు ఎదురొచ్చాడు. నేపాలీలో దాజూ అంటే అన్నయ్య, బహినీ అంటే చెల్లెలు. హిందీ వస్తే చాలు, బేరానికి ఇబ్బంది లేదు. వేలాడుతున్న వాటిలో సగానికి పైగా సంచుల మీద ప్రపంచ ప్రఖ్యాత కంపెనీల పేర్లే. ధర చూస్తే అసలు సరుకులో నాలుగో వంతు కూడా లేదు. రహస్యం ఏమీ లేదు, ఇవి నకళ్లు. థమేల్‌లో ఈ సంగతి అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అసలువి కావాలంటే త్రిదేవి మార్గ్, దర్బార్ మార్గ్‌ల వైపు కంపెనీ షోరూములున్నాయి. ధరలు మాత్రం విదేశాల్లో ఉన్నట్టే ఉంటాయి.

పేరు నకిలీదైనంత మాత్రాన పనితనం కూడా నకిలీదే కావాలని లేదు. వారం రోజుల నడకకి అక్కరకొచ్చేవీ ఉన్నాయి, బస్టాండు చేరేలోపే పట్టీ ఊడిపోయేవీ ఉన్నాయి. అందుకే పేరున్న ముద్రని వదిలేసి కుట్టు చూడాలి. భుజం పట్టీలు సంచీకి కలిసే చోట ఒక్క వరస కుట్టే ఉందా, అడ్డంగా నిలువుగా పలుమార్లు వేసిన గట్టి కుట్టుందా? అన్నిటికన్నా ముందు తెగేది అక్కడే. జిప్పుని మూలమలుపుల్లో పదిసార్లు లాగి చూడాలి. సంచీని లోపలికి తిరగేసి గుడ్డని గోటితో గీరాలి. నీళ్లు ఇంకకుండా పూసిన పూత పొట్టులా రాలితే, వాన మనకంటే ముందే సంచీలో చేరుతుంది. క్లిప్పులు పెట్టి తీసి చూడాలి. చలికి ముందు విరిగేవి నాసిరకం ప్లాస్టిక్ క్లిప్పులే.

గుడ్డ గురించి అడిగితే అందరూ ‘డెనియర్’ లెక్క చెబుతారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. 9,000 మీటర్ల పొడవున్న దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగేకొద్దీ దారం లావు. లావైతే మన్నిక, దాంతోపాటే బరువు. దూరప్రయాణానికి 200కి పైన, 500 లోపు ఉంటే సరిపోతుంది. సంచీ అడుగుభాగం మాత్రం కాస్త మందంగా ఉండాలి. రైలు బెర్తు కింద, బస్సు టాపు మీద, మట్టిలో... నేలకి ఒరుసుకునేది అదే కదా!

మనిషి పొడుగు కాదు, వెన్ను పొడుగు

మా మేనకోడలు మొదట తగిలించుకున్న సంచీ చూడ్డానికి భలేగా ఉంది. లోపల బరువు వేయగానే నడుం పట్టీ జారి తొడల మీదికొచ్చింది. ‘మామయ్యా, నేను సంచీని మోస్తున్నానా, సంచీ నన్ను మోస్తోందా?’ అంది. కుర్రాడు ఇంకా పెద్దది తెచ్చాడు. పక్క దుకాణంలో మధ్యవయసు ఆవిడ మాత్రం మా వాలకం చూసి కొలిచే టేపు తీసింది.

తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక గుబ్బలా తగులుతుంది. కొలత అక్కడ మొదలుపెట్టాలి. నడుం మీద చేతులు పెట్టుకుంటే తుంటి ఎముకల పైఅంచు తెలుస్తుంది. బొటనవేళ్లు వెనక్కి తిప్పి ఉంచి, రెంటినీ కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే, కొలత అక్కడ ఆగాలి. ఆ మధ్య దూరమే వెన్ను పొడుగు. ఆరడుగుల మనిషికి చిన్న వెన్ను ఉండొచ్చు, అయిదడుగుల మనిషికి పొడవాటి కాళ్లు ఉండొచ్చు. కాబట్టి ఎత్తుని బట్టి సంచీ కొంటే లెక్క తప్పుతుంది. మా పిల్లకి పదహారు అంగుళాలొచ్చింది. అప్పటిదాకా చూసినవన్నీ పద్దెనిమిదికి పైబడినవే! వెన్ను కొలతకి తగ్గట్టు పైకీ కిందికీ జరుపుకునే పట్టీలున్న రకం, ఆడవాళ్ల భుజాలకి తగ్గట్టు పట్టీలు దగ్గరగా కుట్టిన రకం వేరే ఉంటాయి. అడిగితేనే తీస్తారు.

బరువు నడుం మీద ఉండాలి

దీని వెనక ఓ చిన్న చరిత్ర ఉంది. ఒకప్పటి సంచులన్నీ భుజాలకి వేలాడేవే. 1952 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం చట్రం, నడుం పట్టీ ఉన్న సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. చట్రాలు ఆయన చేస్తే సంచులు భార్య నీనా కుట్టేది. సూత్రం ఒక్కటే. భుజాలు బరువు మోయడానికి పుట్టినవి కావు, నడుము, తొడలు, కాళ్లు అందుకు పుట్టినవి. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికన్ బృందం వాడిందీ ఆ సంచులే. 1967లో గ్రెగ్ లోవ్ చట్రాన్ని సంచీ లోపలికి మార్చాడు. ఇప్పుడు మనం వీపున వేసుకునే పెద్ద సంచులన్నీ దాదాపు ఆ బాటలోనివే.

అందుకే తగిలించుకునే వరస కూడా ముఖ్యం. ముందు అన్ని పట్టీలూ వదులు చేయాలి. మొదట నడుం పట్టీని తుంటి ఎముకల మీద ఆనించి బిగించాలి. పొట్ట మీద కాదు! తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజాల పైనుండే చిన్న పట్టీలు, చివర్లో ఛాతీ పట్టీ. సరిగ్గా కుదిరితే భుజం పట్టీ కింద వేళ్లు సులువుగా దూరతాయి. బరువులో సింహభాగం నడుం మీదికి దిగుతుంది. ఖాళీ సంచీ ఎవరికైనా హాయిగానే ఉంటుంది కాబట్టి బరువు వేసి చూడాలి. లీటరు నీళ్ల సీసా ఒక కిలో. పది సీసాలు వేస్తే పది కిలోలు. దుకాణం ముందు మెట్లు ఎక్కి దిగుతూ ఓ ఇరవై నిమిషాలు తిరగాలి. ఆవిడ మాకు సీసాలు కూడా తనే ఇచ్చింది.

బేరం మాత్రం వదల్లేదు. లోపల రెండు అల్యూమినియం పట్టీలున్న 45 లీటర్ల సంచీ. ఏ పెద్ద పేరూ లేదు, నేపాల్‌లోనే కుట్టిందట. నేపాలీ రూపాయల్లో 7,500 చెప్పింది. ‘దిదీ, కాస్త చూడండి’ అంటే 5,200 దగ్గర ఆగింది. మన వంద రూపాయలకి నేపాలీ నూట అరవై. 1993 నుంచీ అదే లెక్క. అంటే 3,250 మన రూపాయలు. వాన తొడుగు ఉచితం.

45 లీటర్లేనా?

ఆర్నెల్ల ప్రయాణానికి అంత చిన్న సంచీయా అని మా అక్క ఫోనులో ఆశ్చర్యపోయింది. తిరగడం ఆర్నెల్లయినా బట్టలు ఆర్నెల్లకి సరిపడా అక్కర్లేదు, వారానికి ఉంటే చాలు. ఉతుక్కుంటే అవే ఆరు నెలలు వస్తాయి. నేపాల్ కొండదారుల్లో గుడారం అవసరమే లేదు, ఊరూరా టీ ఇళ్లలో మంచం, దుప్పటి దొరుకుతాయి. మంచులో పడుకునే స్లీపింగ్ బ్యాగు, ఈకల కోటు థమేల్‌లోనే రోజు అద్దెకిస్తారు. రెండు వారాల అవసరానికి ఆర్నెల్లు మోయడం ఎందుకు?

పెద్ద సంచీతో ఉన్న చిక్కేమిటంటే, అందులో ఖాళీ కనిపిస్తే మన చేయి ఊరుకోదు. ‘ఎందుకైనా మంచిది’ అంటూ వేసే ప్రతి వస్తువూ కొండ మీద పగ తీర్చుకుంటుంది. ఒంటి బరువులో అయిదో వంతుకి మించకూడదని నడకలో చేయి తిరిగినవాళ్లు చెప్పే మాట. మా పిల్ల యాభై కిలోలు, అంటే సంచీతో కలిపి పది. డాక్టరు మాట కూడా కలుపుకుని తొమ్మిది దగ్గర గీత గీసుకుంది. హోటల్ గదిలో మంచం మీద అన్నీ పరిచి, చేతి త్రాసుతో ఒక్కొక్కటే తూచింది. రెండో జత జీన్స్, జుట్టు ఆరబెట్టే యంత్రం, అమ్మ పెట్టిన ఆవకాయ సీసా పక్కకి వెళ్లాయి. ఆవకాయ దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించింది. చివరికి పావు వంతు చిన్న డబ్బాలోకి మార్చి, మిగతాది నా పరం చేసింది.

అసన్ చౌరస్తాలో డోకో

థమేల్ నుంచి పావుగంట నడిస్తే అసన్. ఆరు దారులు కలిసే పాత బజారు, మధ్యలో అన్నపూర్ణమ్మ గుడి. పప్పులు, మసాలాలు, ఎండుచేపలు, రాగి బిందెలు... ఆ జనంలోంచి ఓ మనిషి ఫ్రిజ్‌ని వీపు మీద పెట్టుకుని వస్తున్నాడు. నడుం పట్టీ లేదు, భుజం పట్టీలూ లేవు. ఫ్రిజ్ అడుగు నుంచి ఒక పేటలాంటి పట్టీ వచ్చి తల మీద ఆనింది. దాన్ని ‘నామ్లో’ అంటారు. వెదురు బుట్టయితే ‘డోకో’. అలసినప్పుడు బరువు దించకుండా నిలబడే ఆనించుకునే పొట్టి కర్ర ‘టోక్మా’. నేపాల్ కొండల్లో వీపుసంచీ అంటే ఇదే.

ఎవరెస్టు దారిలో నామ్‌చే బజారుకి సరుకులు మోసే కూలీల్ని బెల్జియం శాస్త్రవేత్తలు తూచి చూశారు. ఆ వివరాలు 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోస్తున్నారట. అంతేకాదు, సంచీ తగిలించుకున్న పాశ్చాత్యుల కంటే తక్కువ శక్తితో ఆ బరువు లాగిస్తున్నారు. మెల్లగా నడవడం, మాటిమాటికీ ఆగడం, మళ్లీ నడవడం... వాళ్ల పద్ధతి అది. మన పాతకాలం కావడి, నీళ్లబిందె కింద చుట్టకుదురు గుర్తొస్తాయి వాళ్లని చూస్తే. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయల్దేరి పదిహేను నెలలు కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట వందమంది దాకా పరివారం నడిచింది. పల్లకీ మోసింది బోయీలే. దూరప్రయాణం ఏ కాలంలోదైనా బరువు ఎక్కడికీ పోదు, మోసే వీపు మారుతుందంతే.

మన సంచీ... ఎవరి మెడ మీద?

థమేల్‌లో అంత శ్రద్ధగా కొలిచి కొన్న సంచుల్లో చాలా వాటిని కొన్నవాళ్లు మోయరు. మర్నాడే అవి పోర్టర్ వీపెక్కుతాయి. రెండు పెద్ద సంచులు కలిపి తాడుతో కట్టి నామ్లో వేస్తారు. దాని ఖరీదైన నడుం పట్టీ, గాలాడే వీపు జాలీ అతనికి ఏమీ పనికిరావు. మాతో మాట్లాడిన ట్రెకింగ్ ఏజెంటు కూడా ‘ఇద్దరివీ ఒకడే మోసేస్తాడు సార్, ముప్ఫై కిలోలు వాళ్లకి లెక్కే కాదు’ అన్నాడు. మా మేనకోడలు ఊరుకోలేదు. ‘లెక్క లేనిది వాళ్లకా, మనకా?’ అని అడిగింది.

ఆ ప్రశ్న వెనక ఒక చావు ఉంది. 1997లో ఓ బృందంతో వెళ్లిన యువ పోర్టర్‌కి ఎత్తు ప్రదేశాల జబ్బు చేస్తే కూలి చేతిలో పెట్టి ఒంటరిగా కిందికి పంపేశారు. అతను దారిలోనే చనిపోయాడు. ఆ దుర్ఘటన తర్వాతే పోర్టర్ల రక్షణ కోసం ‘ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్’ పుట్టింది. ఎత్తుకి తగ్గ బట్టలు, తలదాచుకునే చోటు, జబ్బు చేస్తే యాత్రికుడికి అందే వైద్యమే పోర్టర్‌కీ, మోసే బరువుకో హద్దు... ఆ సంస్థ అడిగేవి ఇవే. కాఠ్‌మాండూలోని ‘కీప్’ సంస్థ పోర్టర్లకి వెచ్చని బట్టలు అరువిచ్చే నిల్వ ఒకటి నడుపుతోంది. తిరిగెళ్లేటప్పుడు యాత్రికులు తమ కోట్లు, బూట్లు అక్కడ ఇచ్చి వెళ్లొచ్చు.

మేం ఒక ఏర్పాటుకొచ్చాం. పిల్ల సంచీ పిల్లదే. యాభై దాటిన నాకు పోర్టర్ తోడు. అతని వీపు మీద నావి పన్నెండు కిలోలు, అతని సొంత బట్టలు. కూలి తగ్గించమని అడగలేదు. బరువు తగ్గిస్తే పోర్టర్లకి పని పోతుందని కొందరంటారు. పని పోదు, మెడ మీద బరువు మాత్రం తగ్గుతుంది. ఎలాగూ లుక్లా వెళ్లే చిన్న విమానంలో సామాను మొత్తం 15 కిలోలకి మించనివ్వరు. 2,860 మీటర్ల లుక్లా నుంచి 3,440 మీటర్ల నామ్‌చేకి రెండు రోజులు నడిచాం. గ్యాసు సిలిండర్లు, ప్లైవుడ్ పలకలు మోసే మనుషులు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. నామ్‌చే ముందరి ఆఖరి ఎక్కుడు దగ్గర పిల్ల ఆయాసపడింది గానీ నడుం పట్టుకోలేదు. ఆ రాత్రి అక్కకి ఫోనులో చెప్పిన మొదటి మాట అదే.

మీరూ కొనబోతుంటే...

థమేల్‌కే వెళ్లాలని లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ మంచి సంచులు దొరుకుతున్నాయి. ఎక్కడ కొన్నా కొన్ని సంగతులు మర్చిపోవద్దు. వెన్ను కొలిపించుకోండి. పది కిలోలు వేసుకుని నడవకుండా డబ్బు కట్టొద్దు. పైనుంచి మాత్రమే తెరుచుకునే సంచీలో అడుగునున్న సబ్బు కోసం అన్నీ బయటపెట్టాలి. ఊళ్లు తిరిగేవారికి సూట్‌కేసులా ముందునుంచి తెరుచుకునేది మేలు. బరువైనవి వీపుకి దగ్గరగా, మధ్యలో సర్దండి. వాన తొడుగు ఉన్నా బట్టల్ని మందపాటి పాలిథిన్ సంచీలో వేయండి. విమానంలో వెంట ఉంచుకోవాలంటే 55 సెంటీమీటర్ల ఎత్తు, ఏడు కిలోలు సాధారణంగా దాటకూడదు. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచీలోనే ఉండాలి. రైల్లో కింది బెర్తు అడుగున ఉండే కొక్కేనికి గొలుసు వేసి తాళం పెట్టండి. పట్టీలు కూడా గొలుసులోంచి దూర్చితే కోసుకుపోయే భయం తగ్గుతుంది.

అన్నీ సర్దాక సంచీని ఎత్తుకుని ఊళ్లో రెండు మైళ్లు నడిచి రండి. ఇంటికి రాగానే తెరిచి, వాడతారో లేదో అని అనుమానమున్న వస్తువుని తీసేయండి. మర్నాడు మళ్లీ నడవండి, మళ్లీ ఒకటి తీసేయండి. ఇక తీయడానికి ఏమీ దొరకని రోజున టిక్కెట్టు కొనుక్కోవచ్చు!